కార్పెట్ మీద మొరాయించే కుర్చీ

మహబూబ్‌నగర్‌లో మా అక్కవాళ్ల ముందుగదే ఆమె కుట్టు గది. గద్వాల, నారాయణపేట చీరలకు ఫాల్, పికో, వాటి మీదికి జాకెట్లు. మిషన్ ఒక గోడకు, కటింగ్ టేబుల్ ఎదుటి గోడకు, ఇస్త్రీ బల్ల మూలకు. మాటిమాటికీ లేవలేక నిరుడు రోలింగ్ చైర్ కొన్నది. చలికాలంలో బండల మీద కాళ్లు జివ్వుమంటున్నాయని ఆ వెంటనే కార్పెట్ కూడా పరిచింది. విడివిడిగా రెండూ మంచివే. కలిసేసరికి తంటా మొదలైంది.

"ఏందిరా తమ్మీ, బురదల ఎద్దు మొరాయించినట్టు జేస్తుంది ఇది" అని నన్ను పిలిచింది. అప్పటికే ఇరుసులకు మిషన్ నూనె వేసి చూసిందట. లాభం లేకపోయింది. ఉండదు కూడా, ఎందుకంటే తేడా ఇరుసులో లేదు, నేలలో ఉంది.

గట్టి నేల మీద గట్టి చక్రం దాదాపు నలగదు, నేలను నలపదు. అందుకే పట్టాల మీద రైలుపెట్టెకు, టన్ను బరువుకు ఒకటి రెండు కిలోల లాగుడు చాలు. మంచి రోడ్డు మీద కారు టైరుకు అదే టన్నుకు పది కిలోల దాకా పడుతుంది. వదులు ఇసుకలోనైతే రెండు మూడు వందల కిలోలు. దీన్ని దొర్లుడు ఘర్షణ అంటారు. కార్పెట్ ఎంత మెత్తగా, ఎంత మందంగా ఉంటే కుర్చీ అంతగా ఇసుక వైపు జరుగుతుంది. చక్రం ముందున్న నూలుపోగులు వంగేటప్పుడు మన బలాన్ని తీసుకుంటాయి. వెనక లేచేటప్పుడు అందులో కొంతే తిరిగిస్తాయి. మిగిలింది వేడిగా పోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు చక్రం సైజు. ఈ కుర్చీల చక్రాలు మామూలుగా 50 మిల్లీమీటర్ల వ్యాసంవి. మనిషి, కుర్చీ కలిపి 75 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద 15 కిలోలు. ఆ చక్రం 5 మిల్లీమీటర్ల గట్టు ఎక్కాలంటే ఇరుసు దగ్గర దాదాపు 11 కిలోల బలంతో తోయాలి. అదే బరువుతో నాలుగడుగుల బండి చక్రం అదే గట్టును రెండు కిలోలకే ఎక్కేస్తుంది. అలంపూర్ వైపు నల్లరేగడిలో తిరిగిన ఎడ్లబండ్లకు అంత పెద్ద చక్రాలెందుకో ఈ లెక్కే చెబుతుంది. కార్పెట్ రాతిగట్టు కాదు, నలుగుతుంది, కాబట్టి పూర్తి 11 కిలోలు పట్టవు. కానీ కూర్చున్నంతసేపూ చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. కదిలించిన ప్రతిసారీ అందులోంచి ఎక్కిరావాలి.

దిక్కు మార్చేటప్పుడు ఇంకో అవస్థ. చక్రం నేలను తాకే చోటు, దాని కాడకు (చక్రాన్ని కుర్చీ కాలికి బిగించే నిలువు కడ్డీకి) సూటిగా కింద ఉండదు, కొంచెం వెనక్కి ఉంటుంది. ముందుకు వెళ్లిన కుర్చీని వెనక్కి తోస్తే ఐదు చక్రాలూ గిర్రున తిరిగి అటు మళ్లాలి. బండ మీద అది తెలియదు. కార్పెట్ మీద పోగులను మెలిపెడుతూ తిరగాలి. మొదటి తోపుకు నడుం పట్టేసేది ఇక్కడే. మనం విసుగొచ్చి ముందుకు వాలి గట్టిగా లాగుతాం, చక్రం రాదు, కుర్చీ ఒరుగుతుంది. ఈ కుర్చీలకు నాలుగు కాదు, ఐదు కాళ్లు పెట్టడంలో అర్థం అదే. పక్కపక్క రెండు కాళ్ల కొసలను కలిపే గీత దాటి బరువు వాలితేనే కుర్చీ ఒరుగుతుంది. కాలి పొడవు ఒకటే అయినా, నడిమధ్య నుంచి ఆ గీత దాకా ఉండే దూరం నాలుగు కాళ్లకు కాలి పొడవులో 71 శాతం, ఐదింటికి 81 శాతం.

కుట్టు గదికే ప్రత్యేకమైన ఒక రోగముంది: దారాలు. కింద పడిన దారం కొస చక్రానికి చిక్కుకుని బాబిన్‌లా ఇరుసుకు చుట్టుకుంటుంది. అక్క కుర్చీని తిరగేస్తే ఒక చక్రం నిండా ఎర్ర దారం. కుట్లు విప్పే కత్తితో కోసి తీశాం. అప్పుడు కొంత నయమైంది.

"అయితే కార్పెట్ తీసేద్దునా?" అంది. వద్దన్నాను. మోటారు మిషన్ పెడల్‌ను ముందుకు నొక్కితే మనం అంతే బలంతో వెనక్కి నెట్టబడతాం. న్యూటన్ 1687లో రాసిన మూడో నియమం ఇదే. నున్నటి బండల మీద ఈ కుర్చీ వెనక్కి జారిపోతుంది, పెడల్ ముందుకు పోతుంది. కాలు మిషన్ తొక్కే దర్జీలు కదలని స్టూలు మీదే ఎందుకు కూర్చుంటారో ఇప్పుడు తెలిసింది కదా. మిషన్ ముందర కార్పెట్ మనకు బ్రేకు.

చక్రాలు మార్చాలన్నా ఒక సూత్రముంది: గట్టి నేలకు మెత్తటి అంచున్న చక్రం, మెత్తటి నేలకు గట్టి నైలాన్ చక్రం. రెండూ మెత్తనివైతే రెండూ నలుగుతాయి, బలం రెండు చోట్లా పోతుంది. అక్క కుర్చీకి గట్టివే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

చివరికి కటింగ్ టేబుల్ నుంచి ఇస్త్రీ బల్ల దాకా మాత్రం కార్పెట్ మీద ప్లైవుడ్ వేశాం. చక్రం బరువు చెక్కంతా పంచుకుంటుంది కాబట్టి గుంత పడదు. మిషన్ ముందు కార్పెట్‌ను అలాగే వదిలేశాం. నేను చేసిన తప్పొకటే: 12 మిల్లీమీటర్ల చెక్క తెచ్చాను. దాని అంచు ఎక్కాలంటే పై లెక్క ప్రకారం చక్రం మీది బరువు కంటే ఎక్కువ బలం పెట్టాలి. వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లి అంచును ఏటవాలుగా చెక్కించాక గానీ అక్క నా లెక్కలను నమ్మలేదు.