తూకానికి బట్టలు: ‘బిన్స్’ మీద అపోహలు, వాస్తవాలు

సియాటెల్‌లో గుడ్‌విల్ అవుట్‌లెట్‌కి ఎనిమిదేళ్ళుగా వెళ్తున్నాను. గుడ్‌విల్ అంటే జనం ఇచ్చిన పాత సామాను అమ్మే సేవాసంస్థ, దాని షాపుల్లో అమ్ముడుపోనివి తూకానికి అమ్మే చోటు ఈ అవుట్‌లెట్. వెళ్ళేవాళ్ళంతా దాన్ని బిన్స్ అనే అంటారు. చక్రాల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద నీలం తొట్లు, వాటినిండా కుమ్మరించిన బట్టలు, చెప్పులు, గిన్నెలు, బొమ్మలు. హ్యాంగర్లుండవు, ధర చీటీలుండవు, వేసుకుని చూసుకునే గదులూ ఉండవు. ఏరుకున్నది బండిలో వేసుకుని కాటా మీదికి తోస్తే, ఖాళీ బండి బరువు తీసేసి పౌండ్ల లెక్కన బిల్లు వేస్తారు. ఉన్ని, పట్టు, నార బట్టలు ఏరి, బాగుచేసి అమ్మడం నా పని. కొత్తగా వచ్చిన మన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: షాపులో ఎవరూ కొనని చెత్తంతా అక్కడికి వస్తుంది.

షాపులో కొనలేదన్నది చాలావరకు నిజం. చెత్త అన్నది నిజం కాదు. జనం ఇచ్చిన సామాను ముందు మామూలు గుడ్‌విల్ షాపులో కొన్ని వారాలు ఉంటుంది, అమ్ముడుపోకపోతే ఇక్కడికి వస్తుంది. జులైలో ఉన్ని కోటు ఎవరు కొంటారు? ఆడవాళ్ళ స్వెటరు పొరపాటున పిల్లల వరసలో తగిలిస్తే ఎవరికి కనిపిస్తుంది? అలాంటివన్నీ ఇక్కడ తేలతాయి. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టరు ఇల్లిల్లూ తిరిగి పాత సామాను సేకరించి, పని దొరకని వాళ్ళచేత బాగుచేయించి అమ్మడంతో ఈ సంస్థ మొదలైంది. ఇప్పటికీ వచ్చిన డబ్బు ఉద్యోగ శిక్షణకి వెళ్తుంది. ఏ ప్రాంతం గుడ్‌విల్ ఆ ప్రాంతానిదే కాబట్టి రేట్లూ ఊరిని బట్టి మారతాయి. డాలస్‌లో ఉన్న మీ కజిన్ చెప్పిన రేటు పట్టుకుని ఇక్కడికి రాకండి, గోడ మీద బోర్డు చూసుకోండి.

అపోహ: తూకమే కదా, ఏది కొన్నా లాభమే.

డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కాటాకి బరువు ఒక్కటే తెలుసు. ఒక జీన్స్ ప్యాంటు సుమారు పౌండున్నర తూగుతుంది. అదే బరువుకి పట్టు బ్లౌజులు నాలుగైదు వస్తాయి. గాజు సామానుకు, పుస్తకాలకు చాలాచోట్ల వేరే రేటు ఉంటుంది, అవి బట్టల్లో కలపకుండా విడిగా పెట్టుకోండి. ఐదు పౌండ్ల పోత ఇనుప పెనం మాత్రం తుప్పు పట్టి ఉన్నా నేను వదలను. తుప్పు గీకి, నూనె పట్టించి కాలిస్తే దోసెలకు అంతకు మించింది లేదు. పగులుంటే మాత్రం వద్దు.

మా నాన్నకు చీరాలలో బట్టల కొట్టు ఉండేది. గుడ్డ ముందు చేతికి తెలియాలి, తర్వాత కంటికి అనేవారు. బిన్స్‌లో నేను చేసేది అదే. తొట్టిలో చెయ్యి పెట్టి, చూడకుండానే తడుముతూ పోతాను. పాలియెస్టర్ జారుతుంది, పట్టు చల్లగా తగులుతుంది. మొన్న నవంబరులో అలాగే ఒక బూడిదరంగు స్వెటరు చేతికి మెత్తగా తగిలింది. లాగి లేబుల్ చూస్తే నూటికి నూరు కాష్మీర్, అంటే మెత్తటి మేక ఉన్ని. ట్యూబులైటు కింద ఎత్తి పట్టుకుంటే చంక దగ్గర రెండు చిల్లులు, ఆవగింజంత. పురుగు కొట్టినవి. అయినా కొన్నాను. గాలి చొరబడని కవర్లో పెట్టి వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాను, లోపలి కుట్టులోంచి దారం తీసి రఫూ చేశాను. అమ్మాలని కొన్నది మా అత్తగారు వేసుకుంటున్నారు.

లేబుల్ గురించి ఇంకొక మాట. ఎలా ఉతకాలో చెప్పే చీటీ అమెరికాలో 1972 నుంచి తప్పనిసరి. అది అసలు కుట్టనే లేదనిపిస్తే బట్ట అంతకంటే పాతది కావచ్చు. ఎవరైనా కత్తిరించేసి ఉండొచ్చు కూడా, కుట్టు దగ్గర మొదలు మిగిలిందేమో చూడండి.

అపోహ: తలుపు తీసేసరికి అక్కడుంటేనే మంచివి దొరుకుతాయి.

రోజంతా పాత తొట్ల వరస తీసేసి కొత్త వరస తెస్తూనే ఉంటారు. పొద్దున ఆరింటికి లేవక్కర్లేదు, రెండు మూడు వరసలు మారేదాకా ఉండే ఓపిక చాలు. వరస మొత్తం పెట్టి సిబ్బంది సరే అనేదాకా చెయ్యి వేయకూడదు. పక్కవాళ్ళ బండిలోది అసలు ముట్టకూడదు.

అపోహ: రోగాలు, నల్లులు ఇంటికి తెచ్చుకోవడమే.

జాగ్రత్త అవసరమే, భయం అక్కర్లేదు. అడుగున గాజు ముక్కలుంటాయి, పల్చటి గ్లౌజులు ఆగవు, తోటపని గ్లౌజులు వేసుకోండి. బట్టలు కారులోంచి తిన్నగా డ్రయ్యర్‌లోకే వెళ్ళాలి. ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే నల్లులు, గుడ్లు చస్తాయి. వేడికి తట్టుకోని ఉన్నికి ఫ్రీజరే దారి. సోఫాలు, పరుపులు నేను కొనను.

అపోహ: చనిపోయినవాళ్ళ బట్టలు, వేసుకోకూడదు.

కొన్ని అలాంటివే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు ఇచ్చేస్తారు. ఇష్టం లేనివాళ్ళని నేను బలవంతపెట్టను. కానీ అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మీద పెరిగినదాన్ని, నాకు ఆ పట్టింపు లేదు.

అపోహ: కొని అమ్మేవాళ్ళు బీదవాళ్ళ నోటి దగ్గరిది లాక్కుంటున్నారు.

ఈ మాట నన్ను బాధపెడుతుంది, కాబట్టి సూటిగా చెప్తాను. బిన్స్‌లో కూడా మిగిలిపోయిన బట్టలు బేళ్ళు కట్టి టోకున అమ్మేస్తారు. అమెరికా పాత బట్టలు కొన్ని గుజరాత్‌లోని కాండ్లాకి చేరతాయి, అక్కడ రకాలుగా విడదీస్తారు. పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని చింపి, మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. మేం నలుగురం కొన్నంత మాత్రాన తరిగే సరుకు కాదిది. అయినా నాకో నియమం ఉంది. పసిపిల్లల చలికోట్లు, స్కూలు బూట్లు అమ్మకానికి కొనను. వాటికోసం వచ్చే తల్లుల్ని రోజూ చూస్తున్నాను.

అపోహ: స్టూడెంట్లకు ఇది మంచి పక్క ఆదాయం.

వాడుకోవడానికి ఎంతైనా కొనుక్కోండి. F-1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి కొని అమ్మే వ్యాపారం నడిపితే అనుమతి లేని పని కిందికి వస్తుంది. H-1B (ఉద్యోగ వీసా) వాళ్ళు కూడా స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి. రూమ్ ఖాళీ చేస్తూ సొంత కుర్చీ అమ్ముకోవడం వేరు, లాభానికి వారం వారం సరుకు ఎత్తడం వేరు. ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా దిగకండి.

పిల్లల కారు సీట్లు, హెల్మెట్లు ఎంత చవకైనా తీసుకోవద్దు. ప్రమాదంలో దెబ్బతిన్నవేమో పైకి కనిపించదు. ఒక వైపు కటకటాలు కిందికి దించే రకం పసిపిల్లల మంచాల అమ్మకం 2011 జూన్ నుంచి ఇక్కడ నిషేధం. అలాంటిది తొట్లలో కనిపిస్తే సిబ్బందికి చూపించి తీయించేస్తాను.