అలవాటా, అంటగట్టినదా: కొరియా సిగరెట్ దావా వెనుక కథ

దక్షిణ కొరియా జాతీయ ఆరోగ్య బీమా సంస్థ మూడు సిగరెట్ కంపెనీలపై వేసిన దావాలో చివరి వాదనలు 2025 మే నెలలో సియోల్ హైకోర్టు ముందుకు వచ్చాయి. ముప్ఫై ఏళ్లు సిగరెట్ కాల్చి క్యాన్సర్ పాలైన మనిషి వైద్యానికి అయిన ఖర్చు ఎవరు భరించాలన్న పాత తగవు దాంతో మళ్లీ రాజుకుంది.

పొగాకు ప్రాణం తీస్తుందని ఇప్పుడు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ తగవుకు మూలం 2011 ఫిబ్రవరి నాటి తీర్పులో ఉంది. పొగతాగి జబ్బుపడినవారు, వారి కుటుంబాలు 1999లో వేసిన దావాలో హైకోర్టు పరిహారం ఇవ్వలేదు. అయితే కొందరి విషయంలో మాత్రం వారికి వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ దీర్ఘకాలపు పొగ అలవాటుకూ సంబంధం ఉందని ఒప్పుకుంది. ఓడిపోయిన ఆ కేసులోనే బీమా సంస్థకు దారి దొరికింది.

దారి దొరికాక లెక్కలు కావాలి. అవి సంస్థ దగ్గరే ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వారిపై ఆధారపడినవారు కలిపి సుమారు 13 లక్షల మంది 1990ల తొలి ఏళ్లలో చేయించుకున్న ఆరోగ్య పరీక్షల వివరాలను, ఆ తర్వాత వారికి వచ్చిన జబ్బులతో యోన్సే విశ్వవిద్యాలయ ఆచార్యుడు జీ సన్-హా బృందం సరిపోల్చింది. పొగతాగే మగవారికి ముప్పు స్వరపేటిక క్యాన్సర్‌లో 6.5 రెట్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 4.6 రెట్లు ఎక్కువని 2013లో తేలింది. పొగ వల్ల వచ్చే జబ్బులకు ఏటా 1.7 లక్షల కోట్ల వొన్‌లు ఖర్చవుతున్నాయని కూడా లెక్కగట్టారు. రోజుకు ఎన్ని కాలుస్తారు, ఎన్నేళ్లుగా కాలుస్తున్నారు అన్న రెండు మామూలు ప్రశ్నలకు పరీక్షల వేళ రాసిచ్చిన జవాబులు ఇలా సాక్ష్యాలయ్యాయి.

2014 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు 1999 నాటి దావాను కొట్టివేసింది. నాలుగు రోజులకే బీమా సంస్థ కేటీ అండ్ జీ, ఫిలిప్ మోరిస్ కొరియా, బీఏటీ కొరియాలపై సుమారు 5,300 కోట్ల వొన్‌లకు దావా వేసింది. రోజుకో పెట్టె చొప్పున కనీసం 20 ఏళ్లకు సరిపడా సిగరెట్లు కాల్చి, 30 ఏళ్లకు పైగా ఆ అలవాటు ఉండి, పొగతో గట్టి సంబంధమున్న మూడు రకాల క్యాన్సర్ల బారిన పడిన 3,465 మందికి 2003–2012 మధ్య చెల్లించిన సొమ్ము అది. అంత జాగ్రత్తగా ఏరిన జాబితాను కూడా 2020 నవంబరు 20న కింది కోర్టు తోసిపుచ్చింది. చికిత్స ఖర్చు చెల్లించడం సంస్థ విధి కనుక అది నష్టం కాదని, ఒక్కొక్క రోగి విషయంలో పొగే కారణమని రుజువు కాలేదని పేర్కొంది. ముప్పు గురించి పెట్టెలపై హెచ్చరిక ఉందని, తాగడం మానడం మనిషి ఇష్టమని కంపెనీల వాదన.

ఆ హెచ్చరిక 1976లో మొదలైనప్పుడు ఉన్నది ఒకే వాక్యం: ఆరోగ్యం కోసం మితిమీరి పొగతాగకుందాం. క్యాన్సర్ మాట అందులో లేదు. అప్పట్లో సిగరెట్లు చేసి అమ్మింది ప్రభుత్వ గుత్తాధిపత్య సంస్థే. దాని వారసురాలే నేటి కేటీ అండ్ జీ. 1949 నుంచి 1981 దాకా 'హ్వారాంగ్' సిగరెట్లను సైనికులకు పంచింది కూడా ప్రభుత్వమే. మగవారికి సైనిక సేవ తప్పనిసరైన ఆ దేశంలో ఇరవై ఏళ్ల కుర్రాడు ఇంటికి తిరిగొచ్చేసరికి ఏ అలవాటు వెంట తెచ్చుకుని ఉంటాడో ఊహించడం కష్టం కాదు. 1998 నాటికి కూడా కొరియా మగవారిలో మూడింట రెండు వంతుల మంది పొగతాగేవారే. 1970లో ఇరవై ఏళ్ల వయసులో ఆ పెట్టె అందుకున్నవాడికి, బీమా సంస్థ లెక్కలు మొదలయ్యే 2003 నాటికి యాభై మూడేళ్లు.