పుచ్చకాయ మానేస్తే యాంటీ సీసీపీ తగ్గుతుందా?

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) రోగులను చూసే డాక్టర్ని. పోయిన వేసవిలో ఒకావిడ యాంటీ సీసీపీ (ఈ జబ్బును గుర్తించడానికి చేసే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టి, "సిట్రులిన్ పాజిటివ్ వచ్చింది డాక్టరుగారూ. పుచ్చకాయలో ఉండేదీ అదేనట, అందుకని మానేశాను" అన్నారు. నవ్వుకునే మాట కాదు. సగం నిజమే పట్టుకున్నారావిడ. సిట్రులిన్ అనే అమినో ఆమ్లాన్ని 1914లో జపాన్ శాస్త్రవేత్తలు పుచ్చకాయ రసంలోనే కనుక్కున్నారు. దాని పేరు కూడా పుచ్చకాయ లాటిన్ పేరు నుంచి వచ్చిందే.

అపోహ: సిట్రులిన్ తింటే జబ్బు పెరుగుతుంది.

ప్రొటీన్లు అల్లడానికి మన కణాలు వాడుకునే అమినో ఆమ్లాల జాబితాలో సిట్రులిన్ లేదు. ఎంత తిన్నా అది ప్రొటీన్ గొలుసులోకి ఎక్కదు. జబ్బులో జరిగేది వేరు. అల్లిక పూర్తయిన ప్రొటీన్‌లోని ఆర్జినిన్ అనే అమినో ఆమ్లాన్ని పాడ్ అనే ఎంజైమ్‌లు ఉన్నచోటే సిట్రులిన్‌గా మార్చేస్తాయి. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఈ మారిన రూపాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. యాంటీ సీసీపీ పరీక్షలో కనపడేవి అవే. కీళ్లు నొప్పి పుట్టడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో ఈ మార్పును ఎగదోసేది పొగ. కాబట్టి ఆవిడకు పుచ్చకాయ తినమన్నాను, పక్కన కూర్చున్న భర్తను సిగరెట్ మానమన్నాను.

అపోహ: ఇమ్యూనిటీ తగ్గి కీళ్లు వాచాయి. గ్లుటమిన్ పొడి తాగితే సరి.

ఇది వినని వారం లేదు. కీళ్లవాతంలో రోగనిరోధక శక్తి తగ్గలేదు, దారి తప్పింది. రోగనిరోధక వ్యవస్థ సైనికుల్లో ఒకటైన టి కణం మేల్కొని రెండు నాలుగవ్వాలంటే గ్లుటమిన్ అనే అమినో ఆమ్లం విపరీతంగా కావాలి. వాపు పెంచే టి కణాలూ దాన్నే తింటాయి. పొడి ఎవరి పక్షానికి చేరుతుందో మనం నిర్ణయించలేం. ఐసీయూలో అవయవాలు దెబ్బతిన్న 1,200 మందికి పైగా రోగుల మీద జరిగిన రెడాక్స్ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. గ్లుటమిన్ ఇచ్చినవారిలోనే మరణాలు ఎక్కువ. వాళ్లు కీళ్లవాతం రోగులు కారు, నిజమే. కానీ "పొడే కదా, ఏమవుతుంది" అనే ధీమా మాత్రం నాకు అప్పటినుంచి లేదు.

అపోహ: అమినో ఆమ్లాలు కండకు పనికొచ్చే ఇటుకలు, అంతే.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. తల్లి శరీరం, సగం తండ్రి పోలికైన బిడ్డను ఎందుకు తిరస్కరించదు? 1998లో అమెరికాలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందం గర్భంతో ఉన్న చిట్టెలుకల్లో ఐడీఓ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంది. తండ్రి వేరే వంశపు చిట్టెలుకైన పిండాలు నిలవలేదు. ఐడీఓ చేసే పని ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లాన్ని విరగ్గొట్టడం. ట్రిప్టోఫాన్ కరువైన చోట టి కణాలు ఆగిపోతాయి. విరిగాక వచ్చే కైనురెనిన్ వాటిని శాంతపరిచే వైపు తిప్పుతుంది. వాపున్న చోట రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ ఈ ఎంజైమ్‌నే పెంచుతుంది. మంట రేగినచోటే శరీరం బ్రేకు కూడా వేసుకుంటోందన్నమాట. ఆర్జినిన్‌దీ ఇలాంటి కథే: మాక్రోఫేజ్ (క్రిములను మింగే రోగనిరోధక కణం) దాన్ని నైట్రిక్ ఆక్సైడ్‌గా మారిస్తే ఆయుధం, ఆర్జినేజ్ అనే ఎంజైమ్ దారిలో పంపితే పుండు మానడానికి సరుకు.

ఇదంతా కణజాలం లోపల, ఎంజైమ్‌ల మధ్య జరిగే బేరం. కంచంలో ఏది తగ్గించినా అక్కడిదాకా సూటిగా అందదు.

అపోహ: పప్పు, గుడ్డు వాతం చేస్తాయి.

కీళ్లవాతానికి అలాంటి పథ్యం లేదు. వాపే కండను కరిగిస్తుంది. దానికి తోడు పప్పూ మానేస్తే మెట్లెక్కే ఓపిక కూడా పోతుంది. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం ఎంత తినాలో తమ డాక్టర్ని అడిగి తినాలి.