దోసపాదు గురించి అమ్మమ్మ ఉత్తరం

చిన్నీ, పండూ,

మేడ మీద దోసపాదుకి పూలు వచ్చినవి వచ్చినట్టే రాలిపోతున్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. ముందు వచ్చేవన్నీ మగపూలే, అవి పూసి రాలిపోవాల్సిందే. కాయ కాసే ఆడపూలు ఓ వారం పది రోజులు వెనకగా వస్తాయి. పొద్దున్నే వెళ్ళి పువ్వు వెనక్కి తిప్పి చూడండి. మగపువ్వుకి ఉత్త కాడే ఉంటుంది. ఆడపువ్వుకైతే రేకుల కింద నూగు నూగుగా గోరంత పిందె అప్పటికే ఉంటుంది.

ఆ పిందె పసుపు రంగుకి తిరిగి ముడుచుకుపోతోందంటే తేనెటీగ రాలేదేమో. మేడల మీదికి అవి తక్కువగా వస్తాయి కదా! అప్పుడు ఆ పని మీరే చెయ్యాలి. ఎండ ముదరకముందే అప్పుడే విచ్చిన మగపువ్వొకటి కోసి, రేకులు తుంచేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా రాయండి. వేపనూనె కొట్టాల్సి వస్తే సాయంత్రమే కొట్టండి, పొద్దున వచ్చే ఆ ఒకటీ అరా తేనెటీగలకైనా హాని ఉండదు.

పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క, అక్కడ జిగురు బొట్టు కనిపిస్తే అది పండు ఈగ గుడ్లు పెట్టిన చోటు. లోపల పురుగు పుట్టి కాయ కుళ్ళుతుంది. జాలిపడి ఉంచకండి, ఎరువు డబ్బాలోనూ వెయ్యకండి. కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఎండలో పడేయండి.

ఇక చేదు సంగతి. పక్కింటి కాకరపాదు వల్ల దోసకాయ చేదెక్కుతుందని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు గట్టిగా అనేవారు. కానీ కాకరకీ దోసకీ అసలు సంకరమే జరగదు. పైగా కాయ కండ తల్లి మొక్కదే, పుప్పొడి ఎవరిదైనా ఈ కాయ రుచి మారదు. కొన్ని విత్తనాలకి చేదు పుట్టుకతోనే ఉంటుంది. ఎండకి మొక్క వడలిపోయినా కాయలో చేదు పెరుగుతుంది. అందుకే ఒకరోజు ఎండబెట్టి మర్నాడు బకెట్ నీళ్ళు కుమ్మరించే పని పెట్టుకోకండి. ఎండాకాలం కుండీలకి పొద్దునా సాయంత్రం కొంచెం కొంచెం పొయ్యండి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి.

బర్గర్‌లో పుల్లగా తగిలే పచ్చటి చక్రాలు చూశారుగా, అవి గెర్కిన్లు, కీరా జాతి. కర్ణాటకలో, మన ఆంధ్రలో, తమిళనాడులో పండించి విదేశాలకి పంపుతారు. వాటిని లేతగా, వేలెడంత ఉండగానే కోసేస్తారు. మన పసుపు దోసకాయ కీరా కంటే ఖర్బూజకే దగ్గరి చుట్టం. దాన్ని ముదరనివ్వాలి. అయితే ఆవకాయకి పూర్తిగా పండిన కాయ పనికిరాదు, ముక్క మెత్తబడిపోతుంది. పసుపు తిరుగుతూ ఆకుపచ్చ చారలు ఇంకా పోనప్పుడు, వేలితో నొక్కితే లొంగకుండా ఉన్నప్పుడు కొయ్యండి.

కోసిన కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, ముందు కొస తిని చూడండి. గింజల దగ్గర కూడా చూడాలి. ఒక్క చేదు కాయ పడితే జాడీ మొత్తం పారబొయ్యాల్సిందే. ఇక్కడ నేను ఎవరి మాటా నమ్మను, మీ తాతయ్య మాట కూడా. తొక్క తియ్యకుండా చిన్న ముక్కలు కొట్టి, నాలుగు గిన్నెల ముక్కలకి కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు, నువ్వుల నూనె ఒక గిన్నె కలపండి. మూడో రోజుకి ఊరుతుంది. మామిడి ఆవకాయలా ఏడాది ఉంటుందనుకోకండి. దోసకాయలో నూటికి తొంభై పాళ్ళు పైగా నీరే. ఉప్పు తగలగానే అది బయటికి వస్తుంది, నిలవ ఉంచడానికి మామిడికున్న పులుపూ లేదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు వారాల్లో తినెయ్యండి.

మంచి రుచిగా ఉన్న పాదు మీద ఒక కాయని బాగా పండేదాకా వదిలేయండి. గింజలు కడిగితే తేలేవి తాలు, మునిగినవి నీడలో ఆరబెట్టి బూడిద కలిపి దాచండి. కింది ఫ్లాట్ వాళ్ళు ఖర్బూజ వేశారని విన్నాను. దానితో మాత్రం దోస కలుస్తుంది, వచ్చే ఏడు ఏ కాయ కాస్తుందో చెప్పలేం. అలాగైతే విత్తనం నేనే పంపిస్తాను.

మీ అమ్మమ్మ