స్పాంజి మూసతో సిరామిక్ ఫిల్టర్లు: అపోహలు - వాస్తవాలు

కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసేటప్పుడు మలినాలను ఆపే సిరామిక్ ఫోమ్ ఫిల్టర్లను చాలావరకు పాలియురెథేన్ స్పాంజిని మూసగా వాడి తయారుచేస్తారు. ష్వార్జ్‌వాల్డర్, సోమర్స్ అనే ఆవిష్కర్తలు 1963లో అమెరికాలో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. వినడానికి సులువుగా ఉండటం వల్లనే కాబోలు, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారిలో కొన్ని అపోహలు బలంగా పాతుకుపోయాయి.

అపోహ: స్పాంజి కాలిపోయిన చోటే వడపోత రంధ్రాలు ఏర్పడతాయి.

వాస్తవం: పిండిని గాని, రంపపు పొట్టును గాని మట్టిలో కలిపి కాల్చినప్పుడు అలా జరుగుతుంది. ఇక్కడ స్పాంజిని అల్యూమినా లేదా సిలికాన్ కార్బైడ్ వంటి సిరామిక్ పొడిని ద్రవంలో కలిపిన స్లర్రీలో ముంచి, రోలర్ల మధ్య పిండినప్పుడు, దాని సన్నని కాడలపై మాత్రమే పూత నిలుస్తుంది. అందుకే స్లర్రీ పిండేటప్పుడు పలుచబడి, వదలగానే చిక్కబడేలా ఉండాలి. లోహం ప్రవహించేది స్పాంజిలో మొదటినుంచీ ఉన్న ఖాళీల గుండానే. స్పాంజి కాలిన చోట మిగిలేది ప్రతి కాడ లోపలా దాగి ఉన్న, సాధారణంగా త్రిభుజాకారంలో ఉండే సన్నని గొట్టం. దాని పదునైన మూలల వద్ద ఒత్తిడి కేంద్రీకృతమై పగుళ్లు మొదలవుతాయి కనుక, ఫిల్టరు పెళుసుదనానికి రంధ్రాలు ఎక్కువగా ఉండటమొక్కటే కారణం కాదు. ఒకసారి కాల్చిన తర్వాత శూన్యపీడనంలో ఆ గొట్టాలను మళ్లీ స్లర్రీతో నింపితే బలం పెరుగుతుంది.

అపోహ: స్పాంజి ఎలాగూ కాలిపోయేదే కనుక ఫర్నేస్‌ను త్వరగా వేడిచేయవచ్చు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించే అపోహ ఇదే. పాలియురెథేన్ వేడికి సిరామిక్ పొడికన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఆపైన సుమారు 200 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య విచ్ఛిన్నమై వాయువులను వెలువరిస్తుంది. పూతను పట్టి ఉంచే బైండర్ కూడా సేంద్రియమైనదైతే అదే దశలో కాలిపోతుంది, సింటరింగ్ (అధిక వేడిలో సిరామిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడం) బంధాలేమో ఇంకా ఏర్పడి ఉండవు, కనుక త్వరగా వేడిచేస్తే పూత పగిలి కూలిపోవచ్చు. ఈ దశ దాటేవరకు నిమిషానికి 1 డిగ్రీ చొప్పున వేడిచేయడం మేలు.

అపోహ: మూస కొలతే తుది రంధ్రపు కొలత.

వాస్తవం: పూత మందం ఖాళీని తగ్గిస్తుంది, సింటరింగ్‌లో వస్తువు మొత్తం కుంచించుకుపోతుంది.

అపోహ: కాలిపోయే మూస ఏదైనా ఆనవాలు లేకుండా పోతుంది.

వాస్తవం: మన ఇటుక బట్టీల్లో మట్టిలో కలిపే ఊకనే చూడండి. దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో అధికభాగం సిలికా. ఇటుకకు దానివల్ల ఇబ్బంది లేదు గాని, శుద్ధమైన అల్యూమినాలో అది చర్య జరిపి ముల్లైట్‌గా (అల్యూమినా, సిలికా కలిసి ఏర్పడే ఖనిజం) మారవచ్చు. అటువంటి పనికి బూడిద అతి తక్కువగా మిగిల్చే పిండిని గాని, పాలిమర్ గుళికలను గాని ఎంచుకోవాలి.