ఓలిగల పేజీలో మిక్సీ బొమ్మ ఎందుకుంది?

ధర్మవరం

చిన్నోడికి, పాపకు,

మీ ఉత్తరం అందింది. మీ అమ్మ పండక్కి ఓలిగలు చేద్దామని ఫోన్‌లో ఎవరో రాసిన పద్ధతి చూస్తోందంట. సరిగ్గా పూర్ణం రుబ్బేచోట ఒక మిక్సీ బొమ్మ, దాని కింద ధర, కొనమని ఒక బటన్ కనిపించాయంట. ఇంకాస్త కిందికి పోతే మీ నాయన ముందురోజు అదే ఫోన్‌లో చూసిన చెప్పులు ప్రత్యక్షమయ్యాయంట. 'ఓలిగలు నేర్పినామెకు మనం పైసా కూడా ఇవ్వలేదు కదా తాతా, ఆమెకేం లాభం? ఆ బొమ్మలు నొక్కితే ఆమెకు డబ్బులొస్తాయని అక్క చెప్పింది. రోజూ పదిసార్లు నొక్కనా?' అని చిన్నోడు అడిగాడు. పాపేమో తానే ఒక వెబ్‌సైట్ పెడితే సెలవుల్లో ఎంత సంపాదించొచ్చో చెప్పమంది.

చిన్నోడా, ముందు నీకు చెప్తా. నొక్కొద్దు. ఎందుకన్నది చెప్పాలంటే మా నాయన టీ అంగడి దాకా పోవాలి.

ధర్మవరంలో రైల్వే స్టేషన్‌కు పోయే దావలో ఉండేది ఆ అంగడి. రెండు బల్లలు, ఒక బొగ్గుల పొయ్యి. పక్క గోడ మాత్రం ఎత్తుగా, రోడ్డుకు ఎదురుగా ఉండేది. ఆ గోడ మీద ఒక ఏడు సిమెంటు, ఇంకో ఏడు సబ్బు పొడి, ఎన్నికలొస్తే ఎవరూ అడక్కుండానే ఏదో ఒక గుర్తు. పెయింటరు పొద్దున్నే వచ్చి ముందు గోడకంతా సున్నం కొట్టేవాడు. అది ఆరినాక ఒక దారాన్ని నీలిమందులో ముంచి, ఒక కొస నాకిచ్చి గోడకు అదిమి పట్టుకోమనేవాడు. రెండో కొస తాను పట్టుకుని, మధ్యలో వేళ్ళతో లాగి వదిలితే టప్‌మని గోడ మీద నిలువునా కాదు, అడ్డంగా, ఏ వంకరా లేని నీలి గీత పడేది. ఆ గీతల మధ్య ఎర్రరంగుతో అక్షరాలు. 'క్ష' రాసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, నేనూ బిగబట్టేవాణ్ని. బడికి ఆలస్యమైందని తిన్న దెబ్బలన్నీ ఆ అక్షరాల పుణ్యమే.

గోడకు వచ్చే బాడుగ ఏమంత పెద్దది కాదు. కానీ మా అంగడి వెనక సందులో ఒక గోడౌను ఉండేది, దాని గోడ మా గోడకు మూడింతలు. దాని మీద ఎవరూ రాయించేవాళ్ళు కాదు. ఎందుకంటే అక్కడ కూర్చుని టీ తాగే మనిషి లేడు.

అంగడికి ఇంకో రాబడి కూడా ఉండేది. పెళ్ళి చీరలకని బెంగళూరు నుంచి రైలు దిగినవాళ్ళు టీ తాగుతూ 'మంచి పట్టుచీరలు ఎక్కడ దొరుకుతాయి?' అని నాయన్ని అడిగేవాళ్ళు. ఒక చీరల అంగడాయన నాయన పేరు ముద్ర వేసిన చీటీల కట్ట ఇచ్చిపెట్టాడు. ఒక చీటీ చించి చేతిలో పెట్టి దావ చూపిస్తే, వాళ్ళు ఆ రోజు ఆ చీటీతో ఏం కొన్నా నాయనకు కమీషన్. ఊరికే చూసి వెళ్ళిపోతే ఏమీ లేదు. మర్నాడు పోయి కొన్నా ఏమీ లేదు.

ఇప్పుడు ఓలిగలామె పేజీకి రండి. ఆమె చెప్పే పద్ధతే టీ. ఆ చెప్పుల బొమ్మ గోడ బాడుగ. మిక్సీ బొమ్మ చీటీ కమీషన్. చూడ్డానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోని పేజీలు చాలామటుకు ఈ రెండింటి మీదే బతుకుతున్నాయి.

ఇంటర్నెట్‌లో మొదటి గోడ రాత అని చాలామంది చెప్పుకునేది 1994 అక్టోబర్ 27న అమెరికాలో వచ్చింది. హాట్‌వైర్డ్ అనే పత్రిక సైటు పైభాగాన ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ ఒక పొడవాటి పట్టీ పెట్టించుకుంది. అప్పట్లో పద్ధతి మా పెయింటరుదే: ఇన్నాళ్ళకు ఇంత అని మాట్లాడుకోవడం, వచ్చినవాళ్ళందరికీ ఒకటే రాత చూపించడం. తర్వాత గూగుల్ వాళ్ళు 2003లో యాడ్‌సెన్స్ తెచ్చారు. దాంతో చిన్నాచితకా పేజీలవాళ్ళు కూడా కంపెనీల చుట్టూ తిరగకుండా గోడ బాడుగకు ఇచ్చుకోవచ్చు. వాళ్ళిచ్చిన నాలుగు లైన్ల కోడును పేజీలో అతికిస్తే చాలు, అక్కడ ఒక ఖాళీ గడి ఏర్పడుతుంది. అందులో ఏం రాయాలో వాళ్ళే చూసుకుంటారు. ప్రకటన ఇచ్చినవాడు పెట్టిన నూరు రూపాయల్లో సుమారు 68 పేజీ యజమానికి చేరతాయని గూగుల్ లెక్క. తెలుగు పేజీలకు ఆ దారి 2018లో తెరుచుకుంది.

ఇక్కడ మా అంగడిని కొంచెం సాగదీయాలి, ఏమనుకోవద్దు. మా గోడకు ఏడాదికి ఒక పెయింటరు. ఈ గోడకు, బల్ల మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఒక పెయింటరు! నువ్వొచ్చి కూర్చోగానే గోడకు సున్నం కొట్టి, 'టీకి ఒకడొచ్చాడు, కడప వాడు, నిన్న చెప్పులు బేరం చేశాడు, ఇప్పుడు ఓలిగల గురించి వింటున్నాడు, ఎంతిస్తారు?' అని కేకేస్తారు. చెప్పులవాడు ఇంత అంటాడు, నెయ్యివాడు ఇంకాస్త అంటాడు. వేలం పాట ఎవరికి కొట్టేస్తే వాళ్ళ రాత గోడ మీద పడుతుంది. నీ పక్కన కూర్చున్న మనిషికి అదే గోడ మీద ఇంకోటి కనిపిస్తుంది. మా పెయింటరైతే నిచ్చెన దిగకుండానే కన్నుమూసేవాడు.

ఆ కేక, ఆ పాట, ఆ రాత అంతా నువ్వు 'శనగపప్పు నానబెట్టి' అన్న మాట చదివేలోపు అయిపోతుంది. రెప్పపాటు కూడా పట్టదు. లోపల ఏ యంత్రం ఏ యంత్రంతో ఏం మాట్లాడుతుందో గీతలు గీసి చెప్పబోను. నాకు ఆశ్చర్యమేసేది వేరే. ఎక్కడో నగరంలో కూర్చున్న చెప్పుల వ్యాపారికి మీ ఇల్లు తెలీదు, ఓలిగలామెకు ఆ వ్యాపారి తెలీదు, మీ అమ్మకు ఇద్దరూ తెలీదు. పెనం మీద ఓలిగ ఒకవైపు కాలేలోపు ముగ్గురి మధ్యా కొన్ని పైసలు చేతులు మారిపోతాయి.

మరి నిన్న చూసిన చెప్పుల సంగతి వాళ్ళకెలా తెలిసిందంటావా? చెప్పుల సైటుకు పోయినప్పుడు ఫోన్‌లో ఒక గుర్తు పెట్టి పంపుతారు, కుకీ అంటారు దాన్ని. తర్వాత ఏ పేజీలో ఆ గడి కనిపించినా దాన్ని చూసి గుర్తుపడతారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల వెంటపడి ఇలా ప్రకటనలు చూపకూడదని 2023లో మన దేశంలో చేసిన డేటా రక్షణ చట్టం చెప్తోంది. ఫోన్‌కు మాత్రం దాన్ని పట్టుకున్నది నువ్వో, మీ నాయనో తెలీదు కదా!

ఇప్పుడు నీ పదిసార్ల సంగతి. మా ఇంటివాళ్ళమే పదిమందిమి పొద్దస్తమానం బల్లల మీద కూర్చుని, 'చూడండి, మా గోడను ఎంతమంది చూస్తున్నారో' అని సబ్బు పొడి వాడి దగ్గర ఎక్కువ బాడుగ వసూలు చేస్తే దాన్నేమంటారు? కొనే ఉద్దేశం లేకుండా నువ్వు నొక్కితే చాలాసార్లు ఎవరో ఒక వ్యాపారి జేబులోంచి డబ్బు పోతుంది. ఒకే ఇంట్లోంచి, ఒకే ఫోన్‌లోంచి రోజూ నొక్కులు వస్తుంటే గూగుల్ యంత్రాలు పసిగడతాయి. ఆ డబ్బు కోసేస్తారు. మరీ ఎక్కువైతే ఓలిగలామె ఖాతానే మూసేస్తారు. నువ్వు మేలు చేద్దామనుకుంటే ఆమె గోడ కూలుతుంది. ఆమెకు మేలు చేయాలంటే పద్ధతి బాగుందని నలుగురికి చెప్పు. ఎప్పుడైనా నిజంగా మిక్సీ కొనాల్సి వస్తే ఆమె పేజీలోంచి పోయి కొనమను. అమ్మకు ధర పెరగదు, ఆమె కమీషన్ అంగడివాడి లాభంలోంచి వస్తుంది.

ఆ చీటీ పద్ధతిని అమెజాన్ 1996లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా ఆన్‌లైన్ అంగళ్ళు ఇస్తున్నాయి. అమెజాన్ చీటీ మామూలుగా 24 గంటలే చెల్లుతుంది, ఆ లోపల మిక్సీకని పోయి బకెట్ కొన్నా చాలాసార్లు కమీషన్ వస్తుంది. నాయన చీటీ కూడా అంతే, చీరకని పోయి రవిక గుడ్డ కొన్నా లెక్కే. ఒక్క తేడా ఉంది. బొమ్మ, ధర ఉన్న ఆ పెట్టె ఓలిగలామె చేత్తో రాసింది కాదు, నేరుగా అంగడి నుంచి వచ్చి పడుతుంది. అక్కడ ధర మారితే ఇక్కడా మారుతుంది. సుఖంగానే ఉంటుంది, కానీ తాళం వాళ్ళ చేతిలో ఉంటుంది. 2023 చివర్లో అమెజాన్ వాళ్ళు బొమ్మల లింకులు ఇవ్వడం ఆపేసినప్పుడు ఎంతోమంది పేజీల్లో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి మిగిలింది.

పాపా, ఇప్పుడు నీ ప్రశ్న. సెలవుల్లో ఎంత అంటే నేను అంకె చెప్పను. చెప్పినవాణ్ని నమ్మొద్దు కూడా, ముఖ్యంగా ముందు ఫీజు కట్టమనేవాణ్ని. పద్దెనిమిదేళ్ళు నిండకుండా యాడ్‌సెన్స్ ఖాతా నీ పేరు మీద ఇవ్వరు, మీ అమ్మ పేరు మీద తెరవాలి. పది డాలర్లు పోగయ్యాక వాళ్ళు ఇంటికి పోస్టులో ఒక కాగితం పంపుతారు, అందులో ఆరంకెల పిన్ ఉంటుంది. నేను మగ్గాల గురించి రాసుకునే పేజీకి అది వచ్చిన రోజు పోస్టుమాన్ వాకిట్లోనే నిలబడి, అటూ ఇటూ తిప్పి చూసి, 'ఏం సార్, గూగుల్ నుంచి మీకు పెన్షనా?' అన్నాడు. అంచులు చించి తీస్తే లోపల ఆ ఆరంకెలే. నూరు డాలర్లు దాటేదాకా రూపాయి చేతికి రాదు. నాలాంటి పేజీకి అక్కడిదాకా చేరడానికి బోలెడు ఓపిక కావాలి. అప్పులు, ఇన్సూరెన్సుల గురించి రాసే పేజీల గోడకు పాట గట్టిగా పెరుగుతుంది, మగ్గాల గురించి రాస్తే ఎవరు పాడతారు? ఇంగ్లీషు పేజీల మీద ఎగబడినంత మంది వ్యాపారులు తెలుగు పేజీల మీద ఎగబడరు కూడా.

అయినా పెట్టు. కానీ గోడ ముందు కట్టి, టీ తర్వాత కాచేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళ పేజీలు చూడు, ఒక మాట, ఒక ప్రకటన, ఇంకో మాట, రెండు ప్రకటనలు. విషయం మాత్రం పక్కవాడి దగ్గర ఎత్తుకొచ్చింది. నువ్వు నీకు తెలిసింది రాయి. మీ అవ్వ ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు తడుపుతుందో, నీళ్ళు ఎలా పిండుతుందో ఫొటోలు తీసి రాస్తే, అమెరికాలో ఉన్న మన కడప పిల్లలు చదవరా? గడులు తర్వాత పెట్టుకోవచ్చు.

చీటీల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇంకో చీరల అంగడివాడు వచ్చి మొదటాయన కంటే రెట్టింపు కమీషన్ ఇస్తానన్నాడు. నాయన కొన్నాళ్ళు అక్కడికీ పంపాడు. ఒకరోజు ఒకామె బెంగళూరు నుంచి మళ్ళీ రైలెక్కి వచ్చింది. చీర రంగు పోయింది, జరీ నల్లబడింది. ఆమె నేరుగా చీరల అంగడికి పోలేదు. మా అంగడి ముందే నిలబడి, చీర బల్ల మీద పరిచి, 'నువ్వు చెప్పావనే కదయ్యా పోయింది' అంది. నాయన మాట్లాడకుండా ఆమెను వెంటబెట్టుకుని ఆ అంగడికి పోయాడు, వాడితో కొట్లాడి డబ్బు వెనక్కి ఇప్పించాడు. ఆ రెండో అంగడి చీటీల కట్ట సాయంత్రం పొయ్యిలోకి పోయింది. తర్వాత ఎవరు అడిగినా, 'నాకు కమీషన్ వస్తుందమ్మా, అయినా చీర మంచిదే, చూసుకుని తీసుకోండి' అని ముందే చెప్పేవాడు. విచిత్రమేమంటే, అలా చెప్పినాక జనం ఇంకా ఎక్కువ నమ్మారు. ఇప్పుడు ప్రభుత్వం కూడా అదే అంటోంది: డబ్బు పుచ్చుకుని ఒక వస్తువు గురించి చెప్పేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా కనపడేట్టు చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. నువ్వు చీటీలు పెడితే ఆ ముక్క పేజీ అడుగున కాదు, పైనే రాయి.

ఇక పోయి చూడండి. ఎవరి పేజీలోనైనా అమెజాన్ వస్తువు లింకు కనిపిస్తే నొక్కి, పైన అడ్రసు గడిలో 'tag' (ట్యాగ్) అన్న ఇంగ్లీషు మాట కోసం వెతకండి. దాని పక్కన ఎవరిదో పేరు, ఒక చిన్న గీత, 21 అని ఉంటుంది. మన దేశంలో అమెజాన్ ఇచ్చే చీటీల ముద్ర అది. గోడ రాతల మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే ప్రకటన నొక్కినట్టు కాదు, భయపడొద్దు. ఈ ప్రకటన నాకెందుకు చూపిస్తున్నారని అక్కడ అడగొచ్చు.

ఇంకో పని కూడా ఉంది. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తా. మీ అమ్మ ఫోన్‌లో, మీ నాయన ఫోన్‌లో, ఇక్కడ నా ఫోన్‌లో ఒకే వార్త ఒకేసారి తెరుద్దాం. ఎవరి గోడ మీద ఏం పడిందో రాసిపెట్టుకోండి. నాకు మోకాళ్ళ నొప్పుల నూనె వస్తుందని ఇప్పుడే పందెం కాస్తా.

మీ తాత