కామాఠిపురా కూల్చివేతకు ముందు

ముంబైలో కామాఠిపురా అంటే చాలామందికి తట్టేది ఒక్కటే. ఆ పేటకు ఆ పేరు తెచ్చింది మన తెలుగు కూలీలైన కామాటీలని తెలిసినవాళ్లు తక్కువ. 18వ శతాబ్దం చివర్లో వర్లీ వైపు కట్ట వేసి సముద్రాన్ని ఆపాక, ఆ బురద నేలలు ఆరాయి. నిజాం ఇలాకా నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలు అక్కడ కాపురం పెట్టారు. రాళ్లెత్తి, మట్టి మోసి బొంబాయిని కట్టారు. వేశ్యావాటికగా ముద్ర పడింది తర్వాత, బ్రిటిష్ హయాంలో.

ఇప్పుడు ఆ సందుల్లోని పాత భవనాలను కలిపి కూల్చి, ఇళ్లూ దుకాణాలూ ఉండే టవర్లు కట్టాలన్నది మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మాడా ఆలోచన. ఇంతదాకా ఎందుకొచ్చిందో తెలియాలంటే అద్దెల చరిత్ర చూడాలి.

1947 నాటి అద్దె నియంత్రణ చట్టం బొంబాయి అద్దెలను 1940 నాటి స్థాయిలో ఆపేసింది. ఇళ్ల కరువులో పేదలకు అది నిజంగా రక్ష. కానీ ఆ అద్దెలు దశాబ్దాలపాటు కదల్లేదు. గదికి వచ్చే నాలుగు రూపాయలతో యజమాని సున్నం కూడా వేయించలేడు. మరోవైపు పగిడీ పద్ధతి: అద్దెదారు ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించి గదిపై హక్కు పొందుతాడు, వదిలేటప్పుడు ఇంకొకరికి అమ్ముకుని యజమానికి వాటా ఇస్తాడు. అలా గది అద్దెదారుది, నేల యజమానిది అయ్యాయి. మరమ్మతు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

1969లో ప్రభుత్వమే మరమ్మతుల బోర్డు పెట్టి, ఈ భవనాలపై ఆ ఖర్చు కోసం సెస్సు అనే ప్రత్యేక పన్ను వేసింది. వాటిని సెస్ భవనాలంటారు. కూలబోయే చెక్క దూలాల కింద ఇనుప స్తంభాలు నిలబెట్టారు. తాత్కాలికమని పెట్టిన ఆ ఆసరాల మధ్యనే ఏళ్ల తరబడి సంసారాలు సాగాయి.

ఒక్కో భవనాన్ని విడిగా కట్టడం కుదరదు. స్థలం చిన్నది, సందు ఇరుకు, ఫైరింజను తిరగదు. పాతవాళ్లందరికీ ఇళ్లిచ్చాక బిల్డరుకు అమ్ముకోవడానికి మిగిలేది స్వల్పం. అందుకే 2009లో, పక్కపక్క భవనాలను కలిపి కట్టే క్లస్టర్ విధానం తెచ్చారు. పాత నగరంలో కనీసం 4,000 చదరపు మీటర్లు కలిపితే, నేల విస్తీర్ణానికి నాలుగు రెట్లు కట్టనిచ్చారు. దగ్గర్లోని భేండీ బజార్‌లో 16.5 ఎకరాల పథకం ఈ దారిలోనే నడిచింది. అక్కడే 2017 ఆగస్టు 31న, పథకంలో ఉన్న హుసేనీ భవనం ఇంకా ఖాళీ కాకముందే కూలి 33 మంది చనిపోయారు. ఆలస్యానికి చెల్లించిన మూల్యం అది.

కాబట్టి కామాఠిపురా కట్టొద్దని నేననను. అద్దెదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తామంటున్నారు, మంచిదే. నా బాధంతా కాగితం లేనివాళ్ల గురించి. అద్దెదారు దగ్గర మళ్లీ అద్దెకున్నవాళ్లు, పనిచేసే చోటే పడుకునే జరీ కార్మికులు, రసీదు లేకుండా గదుల్లో బతికే ఆడవాళ్లు. లెక్కలోకి వచ్చేది రికార్డులో పేరున్నవాళ్లే. మొదటి గోడ పడకముందే వీళ్లకూ జాబితా రాయాలి, పేరుపేరునా.